ఇద్దరం ఉన్నాం

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, గోడ గడియారం వంక చూస్తూ అంది సుబ్బలక్ష్మి. "మీ నాన్నగారిని చల్లారకముందే తాగమనరా, ఆదర్శ్."

ఆ తండ్రి ఎక్కడో దూరాన లేడు. అదే బల్లకు అవతలివైపు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆదర్శ్ తల్లిని చూశాడు, తండ్రిని చూశాడు, ఆఫీసు బ్యాగు జిప్పు లాగుతూ, "నాన్నా, కాఫీ తాగాలట," అన్నాడు.

"ఊఁ," అన్నాడు విశ్వేశ్వరరావు. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఈమధ్య ఆ "ఊఁ" వినబడితే చాలు, సుబ్బలక్ష్మి ముఖం ముడుచుకుపోతోంది.

యూరప్ టూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మియాపూర్‌లోని ఆ ఫ్లాటులో ఇదే వరస. వేళకు కాఫీ వస్తోంది, వేళకు భోజనం వస్తోంది, మడతపెట్టిన పంచె మంచం మీదకు వస్తోంది. రానిది ఒక్కటే. "ఏవండీ" అనే పిలుపు. పెళ్ళయిన నాటి నుంచి రోజుకు ఎన్నిసార్లు వినేవాడో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడది లేక ఇల్లు బోసిగా ఉంది.

కోడలు ప్రవీణ ఇదంతా ప్రయాణం బడలిక అనుకుంది. "రోజూ తెల్లారకముందే లేచి సూట్‌కేసులు సర్దుకోవాలి, పూటకో ఊరు, మూడు పూటలా బ్రెడ్డు. అత్తయ్యగారికి విసుగొచ్చి ఉంటుందిలే," అని భర్తకు సర్దిచెప్పి, అతనితోపాటు హైటెక్ సిటీకి బయల్దేరింది. ఇద్దరి ఆఫీసులూ అటే. రిటైరైన పెద్దవాళ్ళు సరదాగా నాలుగు దేశాలు చూసి రావాలని ఆ టూరు బుక్ చేసింది వాళ్ళిద్దరే.

విశ్వేశ్వరరావు ఏలూరులో నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేశాడు. కాలువల సంగతి ఎలా ఉన్నా, ఇంటి తరఫున జవాబు చెప్పే ఉద్యోగం మాత్రం ఆయన ఇంకా రిటైరవ్వకుండా చేస్తూనే ఉన్నాడు. "మా ఆవిడకి ఇడ్లీ." "మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు." "మా ఆవిడకి కారం పడదు." నిజానికి సుబ్బలక్ష్మికి కారమంటే ప్రాణం. ఆదర్శ్ కడుపులో ఉన్నప్పుడు ఎవరో డాక్టరమ్మ కొన్నాళ్ళు కారం తగ్గించమంది. ఆయన ఆ మాటను శాశ్వతం చేసేశాడు. ఆయన మనసులో అది ప్రేమే, అందులో అనుమానం లేదు. ఆ ప్రేమలో అవతలి మనిషిని ఓసారి అడగాలన్న ఆలోచన మాత్రం ఆయనకు తోచలేదు.

టూరు బాగానే మొదలైంది. ప్యారిస్‌లో ఇనప గోపురం ఎక్కినప్పుడు సుబ్బలక్ష్మి భయంతో ఆయన చెయ్యి వదల్లేదు. మంచు కొండ మీద మాత్రం చీర మీద కోటు వేసుకుని చిన్నపిల్లలా గెంతింది. పిడికెడు మంచు తీసి ఆయన కాలరులో పడేసి, ఆయన "అమ్మో" అని ఎగిరితే కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అంత నవ్వు ఆవిడ దగ్గర ఉందని ఆయన మర్చిపోయి చాలా కాలమైంది.

ఆ మర్నాడే లూసర్న్ అనే ఊరు. సరస్సు, హంసలు, చెక్క వంతెన. బస్సు కదిలేముందు టూర్ మేనేజర్ జ్యోత్స్న రోజూ ఇంటిపెద్దల పేర్లు పిలుస్తుంది, ఎవరింటి లెక్క వాళ్ళు చెప్పాలి. హఫీజ్‌పేట్ అమ్మాయి, గలగలా మాట్లాడుతుంది, అందరినీ నవ్విస్తూ తిప్పుతుంది. సీట్లు ఎవరికీ ఇవేనని లేవు కనుక ఆడవాళ్ళంతా వెనక ఒకచోట చేరేవారు. విశ్వేశ్వరరావు ముందు వరసలో ఓ బ్యాంకు మేనేజరుతో మన రోడ్లు ఎందుకు ఇలా ఉండవో వాదిస్తున్నాడు. "ఏవండీ, ఒక్క నిమిషం, బాత్రూముకి వెళ్ళొస్తాను," అని సుబ్బలక్ష్మి వచ్చి చెప్పింది. ఆయన "ఊఁ" అన్నాడు. వాదన ఆగలేదు.

"విశ్వేశ్వరరావు సార్?" అని పిలిచింది జ్యోత్స్న.

"ఇద్దరం ఉన్నాం."

"అమ్మ కనిపిస్తలేదు సార్. జర ఎనకకు చూసి చెప్పుండ్రి."

"ఉందమ్మా, ఆడవాళ్ళతో ఉంది. పోనివ్వు," అన్నాడు, తల తిప్పకుండా.

బస్సు చాలా దూరం పోయాక ఆయనకు ఆకలేసింది. "ఏమోయ్, ఆ జంతికలు ఇలా తే," అన్నాడు. జంతికలు రాలేదు. మళ్ళీ అడిగాడు. అప్పుడు తెలిసింది, సుబ్బలక్ష్మి బస్సులో లేదని.

పెద్ద బస్సు ఆ రోడ్డు మీద వెంటనే వెనక్కి తిరగదు. జ్యోత్స్న దిగి, స్టేషనుకు పరుగెత్తి, రైలెక్కి వెనక్కి వెళ్ళి ఆవిడను తీసుకొచ్చింది. విశ్వేశ్వరరావుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, అది నిజం. కానీ సుబ్బలక్ష్మి క్షేమంగా కనబడగానే ఆయన భయం కోపమైంది, ఆ కోపం జ్యోత్స్న మీద విరుచుకుపడింది. అందరి ముందూ ఆ పిల్లను చెడామడా తిట్టాడు. అంతటితో ఆగక కంపెనీకి ఫోను చేసి, బస్సు కదిలేముందు మేనేజరు తమను అడగనేలేదని ఫిర్యాదు చేశాడు. ఇంటికొచ్చి కొడుక్కీ కోడలికీ కూడా అదే చెప్పాడు. సుబ్బలక్ష్మి ఆ మాటను ఖండించలేదు. ఆయనతో మాట్లాడటం మానేసింది, అంతే.

శనివారం మధ్యాహ్నం నలుగురూ భోజనాల దగ్గర ఉన్నారు. గోంగూర పప్పు, వడియాలు. ఆయన ఫోను మోగింది. వినికిడి కాస్త తగ్గిందని ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"టూర్ ఆఫీసు నుంచి సార్. మీ కంప్లైంటు గురించి. మేనేజర్ జ్యోత్స్న లెక్క అడగలేదని చెప్పారు కదా. ఆమెను ఇప్పటికే డ్యూటీ నుంచి ఆపాం, మీరు ఇంకోసారి అదే మాట చెప్తే ఉద్యోగంలోంచే తీసేస్తాం. మేడమ్ గారి మాట కూడా తీసుకోమన్నారు."

"మా ఆవిడ మాటా అదేనమ్మా," అన్నాడు విశ్వేశ్వరరావు, అలవాటుగా.

"నేను ఇక్కడే ఉన్నాను," అంది సుబ్బలక్ష్మి.

గట్టిగా అనలేదు. అయినా ప్రవీణ చేతిలో గరిటె ఆగిపోయింది. సుబ్బలక్ష్మి ఫోను తనవైపు లాక్కుని, "నా మాట నేను చెప్తానమ్మా. ముందు మా ఇంట్లో ఒక సంగతి తేలాలి. మేమే మళ్ళీ ఫోను చేస్తాం," అని పెట్టేసింది.

"ఏమిటమ్మా? ఏం తేలాలి?" అన్నాడు ఆదర్శ్.

"ఇప్పుడు అవన్నీ ఎందుకు?" విశ్వేశ్వరరావు పప్పు కలుపుతూనే ఉన్నాడు. "లెక్కపెట్టుకోవడం ఆ అమ్మాయి డ్యూటీ."

సుబ్బలక్ష్మి ఇన్నాళ్ళకు ఆయన వైపు తిరిగింది. "ఆ పిల్ల అడిగిందా, అడగలేదా?"

ఆయన వడియాల గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

"వెనక ఆడవాళ్ళేమో నేను మీ దగ్గర ఉన్నాననుకున్నారు, మీ పక్క సీట్లలో వాళ్ళంతా మీ మాట విన్నారు. నాకు నవ్వుతూ చెప్పారు. మీ నోటితో మీరు చెప్తారేమోనని ఇన్నాళ్ళూ చూశాను."

"అడిగింది," అన్నాడు చివరికి. "వెనక్కి చూడమని కూడా అంది. నేనే... ఉందని చెప్పాను."

ఆదర్శ్ సగం అన్నంలోనే లేచి నిలబడ్డాడు. "మరి మాకలా ఎందుకు చెప్పారు నాన్నా? ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందని తెలుసా మీకు?"

"నువ్వు కూర్చో," అంది తల్లి. "ఆయన్ను అనాల్సింది ఏదైనా ఉంటే నేనంటాను. అది నీ పని కాదు."

ఆదర్శ్ కూర్చున్నాడు. సుబ్బలక్ష్మి కంచం పక్కకు జరిపి మళ్ళీ భర్త వైపు తిరిగింది.

"నేను తిరిగొచ్చేసరికి బస్సు లేదు. మీరు దిగి ఉంటారు, ఎక్కడో నిలబడి ఉంటారు అనుకుని ఆ రోడ్డంతా చూశాను. తర్వాత బెంచీ మీద కూర్చుని సంచి తెరిచాను. పాస్‌పోర్టు మీ దగ్గర. ఫోను మీ దగ్గర. పర్సు మీ దగ్గర. నా దగ్గర జంతికలున్నాయి. ఎవరైనా వచ్చి నువ్వెవరమ్మా అంటే చూపించడానికి జంతికలు."

ప్రవీణ పెదవి కొరుక్కుంది. ఎవరికీ నవ్వు రాలేదు.

"మర్చిపోయారని కాదు నా ఏడుపు. మనిషన్నాక మర్చిపోతాడు. తల తిప్పి చూడకుండా ఉందని చెప్పారే, అది. నేను ఉన్నానో లేనో నన్ను చూడకుండానే మీకు తెలిసిపోతుంది, అది. మళ్ళీ గుర్తొచ్చింది ఎప్పుడు, ఆకలేసినప్పుడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ పిల్ల రైలు దిగి రొప్పుకుంటూ వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. 'అమ్మా, పరేషాన్ గాకు, నేనొచ్చిన. నాదే తప్పు, ఎనకకొచ్చి చూడాల్సింది' అంది. అలాంటి పిల్లని మీరు అందరి ముందూ అంతేసి మాటలన్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది."

విశ్వేశ్వరరావు అన్నం కలపడం ఆపేశాడు. ఆయనకు ఆ బెంచీ కనబడింది. దాని మీద, ఒళ్ళో సంచి పెట్టుకుని, వచ్చే ప్రతి బస్సు వంకా చూస్తున్న సుబ్బలక్ష్మి కనబడింది. బస్సులో ఉన్నంతసేపూ తాను ఎంత కంగారుపడ్డాడో అందరికీ చెప్పాడు. ఆవిడ ఎలా ఉందో ఒక్కసారి కూడా అడగలేదు. ఇంతకాలం ఆవిడ బదులు తానే జవాబులు చెప్పిచెప్పి, అడగడమే మర్చిపోయాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆ నంబరుకు తనే ఫోను చేశాడు. స్పీకరు పెట్టే చేశాడు.

"నేను విశ్వేశ్వరరావునమ్మా. నేనిచ్చిన కంప్లైంటు అబద్ధం. ఆ అమ్మాయి అడిగింది, వెనక్కి చూడమంది. నేను చూడకుండానే ఉందని చెప్పాను. తప్పు పూర్తిగా నాది. ఇక మా ఆవిడ మాటంటావా..." అని ఆగి, ఫోను సుబ్బలక్ష్మి ముందు పెట్టాడు. "ఆవిడే చెప్తుంది."

సుబ్బలక్ష్మి ఫోను వంక కాకుండా ఆయన వంక చూస్తూ చెప్పింది. "ఆ పిల్ల బంగారం. దాన్నేమీ అనకండి."

సాయంత్రం ఆవిడ బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే, ఆయన బీరువా తెరిచి, నీలం అట్ట పాస్‌పోర్టు ఒకటి తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇది నీ దగ్గర ఉంచుకో. మొదటి రోజే ఇవ్వాల్సింది."

"ఇది పెట్టుకుని నేనెక్కడికి వెళ్ళాలి?"

"నీ ఇష్టం. నన్ను కూడా తీసుకెళ్తే వస్తాను." తీగ మీద మిగిలిన తువ్వాలు తీసి అందిస్తూ, "భయమేసిందా, సుబ్బూ?" అని అడిగాడు.

ఆవిడ బట్టలు తియ్యడం ఆపింది. "మొదట వేసింది. తర్వాత హంసలొచ్చాయి. వాటికి జంతికలు పెట్టొచ్చో లేదోనని భయమేసి పెట్టలేదు." మళ్ళీ బట్టల వైపు తిరిగింది. "రాత్రికి ఏం చెయ్యమంటుందో ప్రవీణని అడిగి చెప్పండి."

నేరుగా తనతోనే అంది. ఆయనకు కాస్త ప్రాణం కుదుటపడింది. "ఏవండీ" మాత్రం రాలేదు.

కొన్ని ఆదివారాలు గడిచాక టూరులో కలిసి తిరిగిన వాళ్ళంతా కొండాపూర్‌లో ఓ హోటల్లో మధ్యాహ్న భోజనానికి కలుద్దామనుకున్నారు. ఆదర్శ్ అమ్మానాన్నలను కారులో దింపి వెళ్ళాడు. హాలు గుమ్మంలోనే మైకు పట్టుకుని జ్యోత్స్న కనిపించింది. విశ్వేశ్వరరావు తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో చాలా మాటలు కూర్చుకున్నాడు గానీ, ఆ పిల్ల ముఖం చూడగానే అన్నీ పోయాయి.

"అమ్మా, ఆ రోజు తప్పు నాది. నిన్ను అనరాని మాటలన్నాను. మనసులో పెట్టుకోకు," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు వింటున్నా ఆగకుండా.

జ్యోత్స్న కళ్ళు చెమర్చాయి. "అయ్యో, గట్లంటరేంది సార్. మీరు ఫోన్ జేసినంకనే నన్ను మల్ల డ్యూటీకి పిలిసిండ్రు. గది చాలు." అని సుబ్బలక్ష్మి వైపు తిరిగి, "అమ్మా, జంతికలు తెచ్చినవా?" అంది. సుబ్బలక్ష్మి ఆమెను దగ్గరికి తీసుకుంది.

భోజనాలకు ముందు గ్రూప్ ఫోటో అన్నారు. ఎవరూ తప్పిపోకూడదని జ్యోత్స్న వేళాకోళంగా మైకులో పేర్లు పిలవడం మొదలెట్టింది. "ఇద్దరం", "నలుగురం" అని నవ్వుతూ జవాబులు వస్తున్నాయి.

"విశ్వేశ్వరరావు సార్?"

నవ్వులు తగ్గాయి. అందరికీ గుర్తుంది. విశ్వేశ్వరరావు లేచి నిలబడ్డాడు.

"నేనున్నానమ్మా," అన్నాడు. తర్వాత తల తిప్పి పక్కన కూర్చున్న మనిషిని చూశాడు. నెరిసిన పాపిడి, కొంచెం వంకరగా పెట్టుకున్న బొట్టు, తన వైపే చూస్తున్న కళ్ళు. "మా ఆవిడ సంగతి ఆవిడే చెప్తుంది."

సుబ్బలక్ష్మి వెంటనే చెప్పలేదు. కావాలనే కాసేపు ఆయన్ను అలా నిలబెట్టింది. హాల్లో అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. ఆయన కూడా, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా.

"ఇద్దరం ఉన్నాం జ్యోత్స్నా," అంది. "ఈసారి నేను చూసుకునే చెప్తున్నాను."

హాలంతా చప్పట్లు కొట్టింది. విశ్వేశ్వరరావుకు ఎదురుగా ఉన్నవేవీ సరిగ్గా కనబడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకోబోతే చేతికి సంచి అడ్డొచ్చింది. జంతికల సంచి ఈసారి ఇంటి దగ్గర్నుంచీ ఆయనే మోసుకొచ్చాడు.

సుబ్బలక్ష్మి ఆయన చొక్కా అంచు పట్టుకుని మెల్లగా లాగింది.

"ఏవండీ, కూర్చోండి. అందరూ చూస్తున్నారు."