ముందు వీడెం, తరువాత మాట

ఏడు ప్రాకారాలతో, ప్రతి బురుజు మీదా ఎగిరే వరాహధ్వజాలతో, దిగువ పచ్చని మాగాణులతో కన్నులపండువుగా ఉండే మెట్టుగిరి కోటలో, ఆనాటి కొలువున చీమ చిటుక్కుమన్నా వినిపించేది. నలభై దినాల ప్రయాణం అవతల, ముమ్మడివేడు అనే సీమకోసం ఉత్తరప్రభువూ పడమటిప్రభువూ కత్తులు దూశారు. ఆ నేల ఎర్రనిదో నల్లనిదో మెట్టుగిరిలో ఎవరికీ తెలియదు. అయినా "మీరెవరి పక్షము?" అని ఇద్దరూ కబురంపారు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగే కాలం వచ్చింది.

సేనాని చెన్నమనాయకుడు లేచి చేతులు జోడించాడు. "దేవా! చూడని నేలకు మనము సాక్ష్యము పలుకనేల? ఎవరి పక్షమునూ కామని చెప్పుదము. కోపించిన కోపింతురు గాక, కల్లలాడితిమని మాత్రము అనజాలరు."

మంత్రి విద్దనామాత్యుడు నవ్వి రాజు వైపు చూశాడు. గోకర్ణరాజు సేనానికి ఆకువక్కల వీడెం అందించాడు.

మెట్టుగిరి రాజులు పరరాజులకు లేఖ రాయరు. రాయబారి వీడెం పుచ్చుకున్నాకే మాట అతని చెవిన వేస్తారు. పుచ్చుకున్నవాడు కాదనరాదు. ఆ మాట బొంకని తేలితే తెగేది రాయబారి నాలుకే. తన సలహానే రాజు మన్నించాడనుకుని పిచ్చిమారాజు చెన్నమ వీడేన్ని కళ్లకద్దుకుని నోట వేసుకున్నాడు.

అప్పుడు రాజు చెవిలో చెప్పాడు. "ఉత్తరమునకేగి మీ పక్షమేయని చెప్పుము. పిదప పడమటికేగి అదియే చెప్పుము. ఇది విద్దనామాత్యుని ఉపాయము."

వీడెం అప్పటికే చెన్నమ నోట ఉంది. వెళ్లాడు, చెప్పాడు.

ఆరు మాసాలు తిరక్కుండా ప్రభువులిద్దరూ రాజీపడ్డారు. విందులో మెట్టుగిరి మాట బయటపడింది. ముమ్మడివేడు పడమటికి, దానికి బదులు మెట్టుగిరి ఉత్తరానికి అని పంచుకున్నారు. రెండు సేనలూ కలిసివచ్చి కోటను చుట్టుముట్టాయి.

గోకర్ణరాజు బురుజెక్కి అరిచాడు. "అది నా మాట కాదు! నా రాయబారి బొంకినాడు!" పట్టపగలు, సైన్యాలు చూస్తుండగా చెన్నమ నాలుక కోయించాడు. దాన్ని పళ్లెంలో పెట్టించి, చెన్నమను వెంట నడిపించి, విద్దనతో ఉత్తరప్రభువు గుడారానికి పంపాడు.

"నాయకా, ఆ మాట నీ రాజుదేనా? ఔనని తలయూపుము, నిన్ను సామంతుని చేసెదను," అన్నాడు ప్రభువు.

చెన్నమ తల అడ్డంగా ఊపాడు.

"ఇట్టివాని నాలుక కోసినవాడు రాజా!" అని ఈసడించి, ప్రభువు అతణ్ణి విడిచిపెట్టాడు. విద్దన వైపు మాత్రం వీడెం చాచాడు. పదవి దొరికిందనుకుని మంత్రి మురిసిపోతూ నమిలాడు.

"ఇక మాట వినుము. నీ రాజు తల తెమ్ము."

వీడెం నమిలిన విద్దన కోటకు మరలాడు. మర్నాటి మధ్యాహ్నానికి అతని మనుషులే కోట ఏడు గుమ్మాలూ తీశారు. రాజనగరి మెట్ల మీద, కోటకు తిరిగొచ్చిన చెన్నమ ఒక్కడే కత్తి పట్టి నిలిచాడు. పదిమందిని పడగొట్టాడు. పక్కటెముకల్లో బల్లెం దిగాక గడప మీద కూలబడ్డాడు. గోకర్ణరాజు పాకుతూ వచ్చి అతని పాదాలు పట్టుకున్నాడు.

"చెన్నమా! పాపము చేసితిని. క్షమించితినని ఒక్క మాట చెప్పుము నాయనా, ఒక్క మాట!"

చెన్నమ నోరు తెరిచాడు. నెత్తురు తప్ప ఏమీ రాలేదు. రాజు ఆ నోటివైపు చూస్తూ ఉండగానే విద్దన మెట్లెక్కి వచ్చాడు.