గుమ్మం బయట బూట్లు

కర్నూలు మే ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుంటే, డాక్టర్ పరాంకుశం గారి ల్యాబ్‌లో అద్దాల గదికి మంచు పేరుకుంటోంది. ఇందాక ఆ గదిలో నిలబడ్డ మందాకిని ఇప్పుడు 1944 డిసెంబరులో ఉంది. బెల్జియం అడవుల్లో, అమెరికన్లూ జర్మన్లూ ఒకరినొకరు చంపుకుంటున్న చోట.

ఇదేం విడ్డూరం అంటారా? మెషిన్ సంగతి తేలికే. కాలానికి ఒక కంత పెట్టి కాసేపు తెరిచి ఉంచుతుంది. అందులోంచి పోవాలన్నా రావాలన్నా ఒక జత బూట్లు కావాలి, ఉన్నది ఆ ఒక్క జతే. సర్క్యూట్ అంతా వాటి అడుగునే ఉంది. తొడుక్కున్న మనిషి ఒంటి వేడి తగిలితే ఇక్కడ పచ్చ లైటు వెలుగుతుంది, స్విచ్ వేస్తే ఆ మనిషి వచ్చేస్తాడు. ఎవరి ఒళ్ళయినా దానికొకటే.

"మంచులో బూట్లు విప్పే పిచ్చివాళ్ళెవరుంటారు?" అని డాక్టరుగారు తన తెలివికి తనే మురిసిపోయారు. ఆ మాట వట్టికాళ్ళతో నిలబడే అన్నారు లెండి. ల్యాబ్‌లోకి చెప్పులతో వస్తే ఆయన కొట్టినంత పని చేస్తారు.

మందాకిని కాలేజీలో చరిత్ర చెబుతుంది, ఆ యుద్ధం గురించి పుస్తకం రాస్తోంది. ఆమె మొగుడు ఓబులేసు సిమెంటు వ్యాపారి. పొద్దుటినుంచీ కుర్చీలో కూర్చుని ఒకటే గొప్పలు.

"మందాకేమన్నా అయితే నేనే పోయి ఎత్తుకొస్తా సార్!"

మందాకిని మెడలోని మైకు మాటలు వినిపించే స్పీకర్ గరగరలాడింది. "ఏమయ్యా, వింటున్నావా? గుండ్లు చెట్లమీదే పేలుతున్నాయి. నాకు భయమేస్తోంది. ఇక్కడొక ఇల్లుంది, లోపలికి పోతున్నా." తలుపు చప్పుడు. ఎవరో ముసలావిడ గొంతు. అంతలో పెద్ద పేలుడు.

"లాగండి సార్, లాగండి!" ఓబులేసు కేకపెట్టాడు. పచ్చ లైటు వెలుగుతోంది. డాక్టరుగారు స్విచ్ వేశారు.

అద్దాల గదిలో మందాకిని లేదు. వణుకుతూ ఒక జర్మన్ సైనికుడు ఉన్నాడు, ఆమె బూట్లు తొడుక్కుని.

"నా బూట్లు ఎవరో ఎత్తుకుపోయినారయ్యా," స్పీకర్‌లో మందాకిని ఏడుస్తోంది. "బూట్లతో ఇంట్లోకెట్ల పోతానని గుమ్మం బయటే విడిచినా."

డాక్టరుగారు తన వట్టికాళ్ళకేసి చూసుకున్నారు. "ఎవరో ఒకరు తొడుక్కుని వెళ్ళి ఆవిడకివ్వాలి. వెళ్ళినవాళ్ళు మాత్రం ఇంక..."

ఓబులేసు చూపు జర్మన్ మీద పడింది.

"వీడొచ్చింది అక్కడినుంచే గదా సార్!" అన్నాడు ఓబులేసు. "వీడే పోనీ."

జర్మన్‌కి తెలుగు రాదు, అయినా అర్థమైంది. తలుపు పట్టుకుని వేలాడాడు. ఇద్దరూ కలిసి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి అద్దాల గదిలోకి తోసి స్విచ్ వేశారు. ఛీ, చెప్పడానికే నాకు సిగ్గేస్తోంది.

కాసేపటికి స్పీకర్‌లో తుపాకీ మోత. "అయ్యో! గుమ్మం ముందే కాల్చేసినారయ్యా!" పచ్చ లైటు ఆరింది. మళ్ళీ వెలిగింది.

"మందాయే! తొడుక్కునింది సార్!" ఓబులేసు ఎగిరి గంతేశాడు. స్విచ్ పడింది.

ఈసారి అమెరికన్ సైనికుడు వచ్చాడు. బూట్లనిండా నెత్తురు. గదిలోంచి పాక్కుంటూ బయటికొచ్చి కూలబడ్డాడు. చచ్చిన జర్మన్ కాళ్ళనుంచి లాక్కున్నానని, తన బూట్లు ఎప్పుడో చిరిగిపోయాయని ఇంగ్లీషులో గొణుగుతూ వాటిని విప్పి అవతలకి విసిరాడు. అవి జారుకుంటూ వెళ్ళి ఓబులేసు కుర్చీ ముందు ఆగాయి.

డాక్టరుగారు మీటరు చూశారు. "ఇంకొక్కసారి పోయి రావడానికే పవర్ ఉంది," అన్నారు ఎవరి మొహమూ చూడకుండా.

"ఏమయ్యా," అంది స్పీకర్. "కాళ్ళు మొద్దుబారిపోయినాయి. మళ్ళీ కాలుస్తున్నారు. నువ్వొస్తానన్నావు గదా?"

ఓబులేసు కుర్చీలో కూలబడ్డాడు. అతని వట్టికాళ్ళు మెల్లగా కుర్చీ కిందికి జరిగాయి.