ప్రోబు మీద ప్లాస్టర్ గీత

"సార్, సూదిని ఏడికి పోనిస్తా ఉండారు?"

నివేదిత నాతో అన్న మొదటి మాట ఇదే. నేను ఆసుపత్రి మత్తుమందు విభాగంలో రెండో సంవత్సరం పీజీని. ఆమె అప్పుడే చేరిన ఫస్టియర్. జూనియర్ పిల్ల అందరి ముందూ అలా అడిగేసరికి నాకు తల కొట్టేసినట్లయింది.

తప్పు నాదే లెండి. మెడలోని పెద్ద సిరలోకి గొట్టం వేయాలంటే అందాకా వేళ్లతో తడిమి, దేవుడి మీద భారం వేసి గుచ్చేవాళ్లం. తొంభై ఎనిమిదిలో మా చీఫ్ కోదండరాం గారు స్కాన్ చూస్తూ గుచ్చాలన్నారు. సూది, మెడ మీద ఆనించి చూసే ప్రోబుకు సరిగ్గా నడిమధ్య కిందుగా పోవాలి. కాస్త పక్కకు ఒరిగినా తెర మీద కనిపించదు. నాకెప్పుడూ కనిపించలేదు.

మర్నాడు ఆమె ఓ టిఫిన్ డబ్బా తెచ్చింది. అందులో సముద్రపు నాచు కడల్‌పాసితో గట్టిగా పేరిన జెల్లీ, దాని లోపల సిరకు బదులుగా నీళ్లు నింపిన రబ్బరు ట్యూబు.

"అమ్మ కాచిచ్చింది. తినేసేరు సార్, ఇది సూది ప్రాక్టీసుకి!"

తెల్ల ప్లాస్టర్‌ను సన్నగా కత్తిరించి ప్రోబు నడుమ నిలువుగా అంటించింది. "సూది ఈ గీతకు నేరుగా ఉండాల. ముందు చేతిని చూడండి, ఆ తర్వాతే స్క్రీన్."

"నువ్వు పక్కనుంటే రెండూ చూడబుద్ధి కాదు."

"సరి, అట్లయితే ఆడ పోయి నిలబడతా." నవ్వింది కానీ కదల్లేదు.

నెలంతా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. బయట ఒకటే వాన. ఆమె గొడుగులోనే ఇద్దరం నడిచి, ఆమెను చింతాద్రిపేటలో ఇంటి దగ్గర దిగబెట్టి, నేను తడుస్తూ పెరంబూరులో నా గదికి పోయేవాణ్ణి. ఆ జలుబు కూడా బాగుండేది. ఆదివారం పెళ్లి మాట అడగాలనుకున్నాను.

శనివారం నిజం పేషెంటుకు సూది వేశాను. మొదటిసారికే తెర మీద తళుక్కుమంది. చీఫ్ ప్లాస్టర్ ముక్కను వేలితో చూపించి, "ఈ ఐడియా ఎవరిది యువరాజ్?" అన్నారు.

నివేదిత ట్రే పట్టుకుని నా పక్కనే ఉంది.

"నాదే సార్."

నోరు జారిందంటే అబద్ధం. ఆ క్షణాన మెప్పంతా నాకే కావాలనిపించింది. ఆమె ట్రే కింద పెట్టి వెళ్లిపోయింది. మరుసటి వారం వేరే థియేటర్‌కు డ్యూటీ మార్పించుకుంది.

నెల తర్వాత తాళలేక చీఫ్ గదికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"తెలుసయ్యా. నువ్వు సూది వేసేదానికి ముందురోజే వచ్చి చెప్పింది. 'యువరాజూ నేనూ కలిసి చేసినాం సార్' అనింది. ముందు నీ పేరే చెప్పింది. నీ నోట కూడా విందామని అడిగినా."

పరుగున వెళితే క్యాంటీన్ మెట్ల మీద దొరికింది. చీఫ్ అన్నది, నేను ఒప్పుకున్నది, అడగాలనుకున్నది, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఆ ఆదివారం అడిగింటే సరే అనింటాను యువరాజ్. అమ్మకు కూడా చెప్పి పెట్టినా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మీరు ఏం చెప్పినా, నిజమేనా అని ఇంకొకర్ని అడగాలనిపిస్తా ఉంది. అట్లా కాపురం ఎట్లా చేసేది?"

ఇక మీద నిజమే చెబుతానని అనబోయి ఆగాను. చెప్పినా ఆమె నమ్మాలి కదా.