అమావాస్య నాటి రీడింగు

మండపేటలో ఒక రైసుమిల్లు నెలకి ఒక్కరోజే ఊపిరి తీసుకునేది. అమావాస్య నాడు. ఆ రోజు బెల్టులు దించేసి, బాయిలరు చల్లార్చి, మిషన్లకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. తక్కిన రోజులన్నీ ఆ హోరులో హాయిగా నిద్రపోయే చంటిపిల్లలు, ఆ ఒక్కరాత్రీ నిద్రపట్టక ఏడ్చేవారట.

1999లో కార్తీకం వెళ్ళిపోతున్న అమావాస్య నాడు ఉదయభాస్కర్ అక్కడికి వచ్చాడు. రాజమండ్రిలో చప్పుడునీ గోడల అదురునీ కొలిచిపెట్టే చిన్న కంపెనీలో ఉద్యోగం అతనిది. మిల్లు ఆడుతుండగా ఎంత అదురు వస్తోందో వారం కిందటే కొలుచుకుని వెళ్ళాడు. ఆగినప్పుడు ఎంతుందో కూడా చూస్తేగాని అందులో మిల్లు వాటా ఎంతో తేలదు. అందుకే అమావాస్య దాకా ఆగాడు.

పిటిషను పెట్టింది మిల్లు వెనక సందులో ఉండే సంపూర్ణమ్మ. మిల్లుకీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ.

"మిల్లు ఆడితే ఆవిడకి నిద్రండి, ఆగితే చప్పుడండి. మా మీద పెట్టిన పిటిషను అలాంటిదండి," అని నవ్వాడు మిల్లు యజమాని దొరబాబు, కాఫీ తెప్పించి ఇస్తూ. ఆవిడ మొగుడు ముసలయ్య తమ నాన్నగారి హయాంలో ఇక్కడ వడ్లు నానబెట్టే తొట్లు కడిగేవాడనీ, పద్దెనిమిదేళ్ళ కిందట ఒకరాత్రి పనికి వచ్చినవాడు చెప్పాపెట్టకుండా కొల్లేరు చేపల చెరువుల మీదకి పనికి పోయాడనీ, అప్పట్నుంచీ ఆవిడకి మతి నిలకడ లేదనీ చెప్పాడు. వెనక గోడ వారనున్న ఆ తొట్లు ఇప్పుడు వాడడం లేదట. ముసలయ్య వెళ్ళిపోయిన మర్నాడే మూతలకి సిమెంటు వేయించేశారట.

భాస్కర్ వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఒంటిగది పెంకుటిల్లు. సంపూర్ణమ్మ నుదుట రూపాయంత బొట్టూ, చేతుల నిండా ఆకుపచ్చ గాజులూ. మొగుడు పోయాడని ఎవరూ తేల్చి చెప్పకపోతే ఆడది అవి ఎలా తీస్తుంది మరి? మిల్లు వైపు గోడకి మాత్రం ఒక్క మేకు కూడా లేదు, దేవుడి పటమూ లేదు. మంచం కూడా ఆ గోడకి దూరంగా, అవతలి మూలకి జరిపి ఉంది. గదిలో ఏదో పులిసిన వాసన. నానిన వడ్ల వాసన. మిల్లువాళ్ళు ఇప్పుడు వడ్లు నానబెట్టేది ఆవరణకి అటు చివరన కదా అనుకున్నాడు భాస్కర్. అనుకుని ఊరుకున్నాడు.

రాత్రంతా రీడింగు తీయాలి గనక అదురుని కలంతో గీసే రికార్డరు మీద కొత్త కాగితం చుట్ట ఎక్కించాడు. రూపాయి బిళ్ళంత సెన్సరుని మైనంతో గోడకి అంటించి, దాని తీగ తెచ్చి మిషనుకి కలిపాడు. సంపూర్ణమ్మ దీపం పట్టుకుని గుమ్మంలో తులసి దగ్గరికి వెళ్ళింది.

సెన్సరు సరిగ్గా అంటుకుందో లేదో చూడ్డానికి ఆ పనివాళ్ళందరూ చేసేదే అతనూ చేశాడు. వేలి కణుపుతో గోడ మీద మూడుసార్లు కొట్టాడు. కాగితం మీద కలం మూడుసార్లు ఎగిరింది. బాగానే ఉంది.

కలం మళ్ళీ మూడుసార్లు ఎగిరింది.

అతను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. తీగ వదులుగా ఉందేమో అని బిగించి, ఇంకో మూడు కొట్టాడు. ఈసారి కాగితం చూడక్కర్లేకపోయింది. చెవికే వినపడింది. గోడ లోపలి నుంచి. మెత్తగా... మూడు.

"మీరు కొట్టారా బాబూ?"

సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అతను తలూపాడు. ఆవిడ నేల మీదే కూలబడి, గొంతు దించి చెప్పుకొచ్చింది.

ముసలయ్య పనికెళ్ళిన ఆ రాత్రి మిల్లు జోరుగా ఆడుతోందట. ఎప్పటిలాగే గోడంతా అదురుతుంటే, ఆ అదురులో ఎవరో గుద్దుతున్నట్టుందని తనకి అనిపించిందట. బెల్టు కొట్టుకుంటోంది కాబోలనుకుని చెవుల్లో దూది పెట్టుకుని పడుకుందట. మూడోనాడు అమావాస్య వచ్చింది. మిల్లు ఆగింది. చప్పుడు ఆగలేదు.

"లేవబోయాను బాబూ. మా అత్త నా చెయ్యి పట్టేసుకుంది. అమావాస్య రాత్రి పిలుపొస్తే పలక్కూడదే, పలికితే వెంట తీసుకుపోతాది అంది. తెల్లారేదాకా అలా పట్టుకునే కూచుంది. తెల్లారేసరికి ఆగిపోయింది."

భాస్కర్ గోడకి ఒక అడుగు దూరం జరిగాడు.

"అప్పట్నుంచీ ప్రతి అమావాస్యకీ కొడతాడు. ఒక్కసారైనా నేను పలకలేదు. నేను ఇంట్లో లేననుకునే పోయాడు బాబూ, పుట్టింటికెళ్ళాననుకుని. ఆ ఒక్క నమ్మకమే నేను ఆయనకి మిగిల్చాను." గోడకేసి చూసింది. "మీరే విని గోడ పడగొట్టిస్తే, నేను పలక్కుండానే ఆయనకింత నిప్పు పెట్టించుకోవచ్చని పిటిషను రాయించాను. ఇప్పుడు తెలిసిపోయింది. ఇంట్లో మనిషి ఉందని తెలిసిపోయింది."

దీపం రెపరెపలాడలేదు. గాలి లేదు. పులిసిన వాసన మాత్రం ఎక్కువైంది.

మూడు దెబ్బలు. ఇందాకటి చోట కాదు. కిందకి... ఆవిడ కూర్చున్న ఎత్తుకి.

తర్వాత దెబ్బలు లేవు. గోడకి అటువైపు అరచెయ్యి పెట్టి ఎవరో తడుముతున్నట్టు... మెల్లగా... వెతుకుతున్నట్టు. కలం కాగితం మీద సన్నగా వణుకుతూ పోయింది.

"మామ్మగారూ, రండి. ఈ పూటకి ఎక్కడైనా..."

"తెలిసిపోయాక ఎక్కడికెళ్తాను బాబూ. మీరెళ్ళండి."

అతను వెళ్ళిపోయాడు. మిషను కూడా తీసుకోలేదు. వెనకాల గడియ పడ్డ చప్పుడు సందు చివర దాకా వినపడింది.

రాత్రంతా లాడ్జిలో లైటు ఆర్పకుండా కూర్చుని, తెల్లవారకుండానే దొరబాబుని లేపి వెంటబెట్టుకుని వచ్చాడు. తలుపుకి లోపల గడియ అలాగే ఉంది. ఎంత పిలిచినా పలుకు లేదు. ఇద్దరూ భుజాలానించి తోస్తే గడియ ఊడింది.

గదిలో ఎవరూ లేరు. కిటికీ ఊచలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దీపం వెలుగుతూనే ఉంది. నేల మీద కాగితం కుప్పపడి ఉంది.

భాస్కర్ దాన్ని మొదట్నుంచీ చూసుకుంటూ వచ్చాడు. రెండు గంటల దాకా మూడేసి దెబ్బలు, మధ్యలో ఖాళీ. రెండు దాటాక ఖాళీలు లేవు. మూడు పెద్ద గీతలు, వెంటనే మూడు చిన్నవి. మూడు పెద్దవి, మూడు చిన్నవి. అలాగే... అలాగే... ఆ కలం వాళ్ళిద్దరి కళ్ళముందే ఇంకా ఎగురుతోంది.

"ఏంటండీ ఇది?" అన్నాడు దొరబాబు.

భాస్కర్ గోడకేసి చూశాడు. మైనం ముద్ద ఉంది. సెన్సరు లేదు. తీగ మాత్రం మిషను నుంచి సాగి గోడలోకి వెళ్ళింది. కన్నం లేదు. పగులు లేదు. పాత సున్నం ఆ తీగ చుట్టూ నున్నగా, బిగుతుగా పట్టుకుని ఉంది.

అప్పుడే మిల్లు కూత కూసింది. ఆరు గంటలు.

"ఆపమనండి... ఈ ఒక్కరోజూ ఆపమనండి," అన్నాడు భాస్కర్. దొరబాబు పరిగెత్తాడు. ఈలోగా బెల్టులు పడనే పడ్డాయి. గోడంతా అదరసాగింది. కలం అటూ ఇటూ కొట్టుకుని కాగితాన్ని నల్లగా నింపేసింది. పెద్దదేదో చిన్నదేదో ఇక తెలియదు. సందు మొదట్లో దొరబాబు అరుస్తున్నాడో లేదో కూడా ఆ హోరులో వినపడలేదు.

భాస్కర్ వంగి ఆ తీగని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

అవతల నుంచి ఎవరో లాగారు. మూడుసార్లు.

ఆగి, మళ్ళీ మూడుసార్లు... ఈసారి కొంచెం చిన్నగా.