ఆరువందల అంకెల అబద్ధం

లెక్కల ప్రొఫెసర్‌ను లిఫ్టులోనే కాల్చేశారు. ప్రాణం పోయేలోగా ఆయన ఫోన్‌లో ఏజెంటుకు చెప్పగలిగింది ఒక్క ముక్కే: "వాళ్ళిచ్చిన ప్రైమ్ నంబరు దొంగది. మన పది పరీక్షలూ వాళ్ళకు తెలుసు."

ఏజెంటు ఆ సంగతి డైరెక్టర్ చెవిన వేశాడు. డైరెక్టర్ నవ్వి, అతని గేట్‌పాస్ లాక్కున్నాడు.

అందుకే అతడు ఏసీ మెకానిక్ వేషంలో, ముఖానికి గుడ్డ చుట్టుకుని, నిచ్చెన భుజాన వేసుకుని, గూఢచారి ఆఫీసు రహస్య సందేశాలు నడిచే సైఫర్ రూమ్‌లోకి వచ్చాడు. లోపల డైరెక్టర్ కొత్త టై సవరించుకుంటున్నాడు. పక్కన సలహాదారు, ముత్యాల దండ, తల తిరిగే సెంటు. రెండు దేశాల జీతం తింటున్న మనిషి. డైరెక్టర్‌కు మాత్రం దేవత.

"ఆరువందల అంకెలు," అందామె తెర చూపిస్తూ. "ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దీన్ని భాగించలేదు. మీ సందేశాలకు ఇంతకన్నా గట్టి తాళం దొరకదు సార్."

ఆ తాళం వేయగానే మొదట వచ్చేది ఏజెంటు తమ్ముడి సందేశం, శత్రువుల రాజధానిలో దాక్కున్నవాడిది. సంఖ్య చీలేదైతే, దాని ముక్కలు తెలిసినవాళ్ళు దాన్ని చదివేస్తారు. తమ్ముడు రేపటి పొద్దు చూడడు.

అంత పెద్ద సంఖ్యను భాగించి చూడటం ఎవరి తరమూ కాదు. చిన్న సంఖ్యలు తీసుకుని ఒక్కోదానితో పరీక్ష పెడతారు. ఒక్క పరీక్షలో తప్పినా అది ప్రైమ్ కానట్టే. ఏ సంఖ్యలైనా తీసుకోవచ్చు. ఈ ఆఫీసు మాత్రం పుట్టినప్పటినుంచీ అవే పదింటిని వాడుతోంది, రెండు నుంచి ఇరవైతొమ్మిది దాకా ఉన్న ప్రైములు. మార్చాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. సంతకానికి ధైర్యం కావాలి. సరిగ్గా ఆ పదింటికీ దొరక్కుండా శత్రువులు ఈ సంఖ్యను వండారు.

ప్రైముల్లాంటి గట్టి వస్తువుల్ని సృష్టించిన దేవుడు, వాటికి ఇలాంటి కాపలాదార్లను ఎందుకు ఇచ్చాడో ఏజెంటుకు ఎన్నడూ అర్థం కాలేదు.

"ఏమయ్యా, ఇంకా ఎంతసేపు?"

"లోపల చెత్త పేరుకుపోయింది సార్."

నిచ్చెన మీంచి చేతిగడియారంతో తెరను ఫోటో తీశాడు. అందులోని బుల్లి కంప్యూటర్‌ను, ఆ పదింటిలో లేని ముప్ఫైఒకటితో పరీక్షించమన్నాడు. గడియారం మణికట్టు మీద సెగలు కక్కుతోంది.

డైరెక్టర్ వేలు తాళం వేసే మెషీన్ మీట మీదికి వెళ్ళింది.

"మెకానిక్‌కి అంత ఖరీదైన వాచీనా?" అందామె, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీస్తూ.

గడియారం ఎర్రగా వెలిగింది. ఏజెంటు కిందికి దూకుతూ నిచ్చెనను ఆమె చేతిమీదికి తన్ని, మెషీన్ ప్లగ్ పీకేశాడు. నొక్కిన మీట నొక్కినట్టే ఉండిపోయింది.

"ముప్ఫైఒకటితో పరీక్ష తప్పింది సార్, ఇది ప్రైమ్ కాదు," అంటూ వాచీ చూపించాడు. గార్డులు పట్టుకుపోతుంటే ఆమె తల తిప్పి అంది: "ముప్ఫైఒకటా? మీవాళ్ళ బద్ధకాన్ని మరీ నమ్మాను."

సాయంత్రం పాత తాళంతోనే తమ్ముడి సందేశం వచ్చింది. క్షేమం. డైరెక్టర్ ఇంకా తెరవంకే చూస్తున్నాడు.

"పది పరీక్షలూ పాసైంది కదయ్యా."

"మీరూ పాసయ్యే వచ్చారు కదా సార్, ఆ కుర్చీలోకి."