ఈల వేసేదాకా లేవొద్దు

జొహానెస్‌బర్గ్ గనుల వెనక చెరువు పల్లం మంచిది కాదంటారు. పొద్దుగూకాక అటు మేకలు కూడా పోవు. అక్కడ గడ్డిలో ఎవరో పడుకుని ఉంటారట... ఊపిరి బిగబట్టుకుని.

కిందటేడు తెల్లవాళ్ళు అక్కడ సినిమా తీశారు. అక్కడి నల్లవాళ్ళు జులూల తాతలకీ తెల్లవాళ్ళకీ జరిగిన యుద్ధం. గనుల్లో పనిచేసే జులూలకి ఈటెలిచ్చారు. ఒక్క తుపాకీ పేలితే పదిమంది పడాలి, ఈల వేసేదాకా లేవకూడదు — నటనంటే అంతే. తాతలు గెలిచిన రోజులు ఆ కథలో లేవు.

ఆ గోలలో గుర్రాలు బెదిరి కొందరిని చెరువులోకి తోశాయి. ఒక్కడే మునిగాడని తేల్చారు. వాడు వుసుముజి, దుమిసా అనే కుర్రాడికి అన్న. శవం దొరకలేదు. సినిమా ఆడే హాల్లోకి నల్లవాళ్ళని రానివ్వలేదు గనక, అన్నని బొమ్మలోనైనా చూసుకునే యోగం దుమిసాకి లేకపోయింది.

ఊళ్ళో వాళ్ళమ్మ నిద్ర కరువై దుమిసాని పిలిచింది. "వాడి ఆత్మ పరాయి నేలమీద పడుందిరా. రేగుకొమ్మ పట్టుకెళ్ళి, పేరుపెట్టి పిలిచి, ఇంటికి తీసుకురా. లేకపోతే పితరుల్లో కలవడు. వాడు కొమ్మ ఎక్కాక వాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకు. వెనక్కి చూడకు. రైల్లో వాడికీ టికెట్టు కొను."

కొమ్మతో వచ్చిన దుమిసాకి గని కాపలా ముసలాయన గట్టుదాకా దారి చూపించాడు. "ఇక నేను రాను నాయనా... మోకాళ్ళ నొప్పులు" అన్నాడు. వెనక్కి మాత్రం పరిగెత్తే పోయాడు.

చీకటి. మోకాలెత్తు గడ్డి. దుమిసా కొమ్మని నేలకి తాకించాడు.

"వుసుముజీ... అన్నా... ఇంటికి పోదాం, రా."

మళ్ళీ పిలిచాడు. మూడోసారికి, కాళ్ళ దగ్గర గుసగుస —

"ఉష్... కదలకూడదురా. ఇంకా ఈల వెయ్యలేదు."

దుమిసాకి ఏడుపొచ్చింది. అన్న ఎప్పుడూ అంతే... పశువుల దగ్గర నిలబడమంటే వానలో కూడా అక్కడే నిలబడేవాడు. రాత్రిపూట ఈల వేస్తే కీడంటారు. అయినా వేశాడు — రెండు వేళ్ళు నోట్లో పెట్టి, గట్టిగా.

గడ్డి కదిలింది... చుట్టూ కదిలింది. కొమ్మ బరువెక్కింది. ఒక్క మనిషికి కాస్త ఎక్కువే. ఏడాదిగా నీళ్ళు తాగాడు మరి, అనుకుని నడిచాడు.

"అన్నా, గట్టు ఎక్కుతున్నాం... అన్నా, పట్టాలు దాటుతున్నాం..."

వెనక తడికాళ్ళ చప్పుడు. చూడలేదు.

తెల్లవారుతుండగా స్టేషన్ చేరాడు. టికెట్ల గుమాస్తా కళ్ళు నులుముకుంటూ "ఎన్ని?" అన్నాడు. దుమిసా రెండు వేళ్ళు చూపించాడు.

గుమాస్తా అతని భుజం మీంచి అటు చూసి విసుక్కున్నాడు. "నీ వెనక నీళ్ళోడుతూ పన్నెండుమంది ఉన్నారుగా? మిగతావాళ్ళు నడిచొస్తారా?"

ఒక్కడే అన్నారే...!

మాట్లాడకూడదు. వెనక్కి చూడకూడదు. ఎందరు తల్లులకి నిద్ర లేదో ఇన్నాళ్ళూ... దుమిసా కొమ్మని చంకలో పెట్టుకుని, రెండు చేతుల వేళ్ళూ చాపాడు.

చాల్లేదు.