గాజుపెట్టెలో అత్తారిల్లు

"ఆకలైతే తండ్రి బల్లి పిల్లలను మింగుతదట. తీసి వేరే సీసాల వేస్త ఊర్మిలా!" ఫోన్లో మొత్తుకున్నాడు భాస్కర్.

"తీసినవంటే ఊకోను. పిల్లలు పెద్దలతోని కలిసి బతుకుతయో లేదో చూసుడే నా ప్రాజెక్టు. ఇంకో ముచ్చట యాదున్నదా?"

ఎందుకుండదు! ఎమ్మెస్సీ ప్రాజెక్టు బల్లులను కోరుట్లలో క్లాస్‌మేట్ భాస్కర్ ఇంట్లో పెట్టి, సిరిసిల్లలోని ఇంటికి పోతూ ఊర్మిల నవ్వుతూ అన్న మాట అది. "మీ అవ్వతోని ఒక్కింట్ల ఉంటనో లేదో గీ బల్లులే చెప్తయి. నాలుగు పిల్లలూ బతికితే పెండ్లికి సై."

ఆమె నవ్వులాటకే అంది. మన పిచ్చిమారాజు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. పైగా గాజుపెట్టె గడప దాటిన రోజే తల్లి కిష్టవ్వ బల్లుల మైలంటూ నెత్తిన నీళ్లు పోసుకుని, "బల్లులను సాదే పిల్ల కోడలైతదా?" అని వాడంతా వినేలా అరిచింది.

అంతలో సకల జనుల సమ్మె. బస్సులు లేక ఊర్మిల రాలేదు. బొగ్గు లేక కరెంటు రాలేదు. ట్యూబ్‌లైటు వెలగకపోతే పురుగులెక్కడివి? ఖాళీ కడుపుతో తండ్రి బల్లి పిల్లల వంక చూస్తుంటే భాస్కర్‌కు అన్నం సయించడం లేదు.

ఆ సాయంత్రం రోడ్డు మీద వంటావార్పు. అందరూ పెట్రోమాక్స్ వెలుగులో "జై తెలంగాణ" అంటూ కిచిడీ తింటుంటే, భాస్కర్ సీసా పట్టుకుని లైటు చుట్టూ ఎగురుతున్నాడు.

"ఏందిరా, పురుగులతోని డాన్సా?" అన్నాడు పక్కింటి రాజమల్లు.

"పెండ్లి పనులు కాకా!"

సీసా నింపుకుని ఇంటికొస్తే గాజుపెట్టె ముందు టార్చితో ఊర్మిల! ఎవరిదో పాలవ్యాను పట్టుకుని వచ్చేసింది. ముఖం పాలిపోయి ఉంది.

"మూడే ఉన్నయి భాస్కర్."

భాస్కర్ వంగి మళ్లీ లెక్కపెట్టాడు. అయిపోయింది, తన పెండ్లిని బల్లి మింగేసింది!

"లొల్లి బంద్ పెట్టుండ్రి." వంటింట్లోంచి కిష్టవ్వ గంజుతో వచ్చింది. ఆ గిన్నె మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. ఆమె జుట్టు నీళ్లోడుతోంది. "పెద్దది దీని మీదికి ఉరికింది బిడ్డా. పానం ఊకోక చేతితోనే తీసిన."

గుడ్డ కింద పిల్ల బల్లి తోకాడించింది.

"తీయొద్దన్న కద..." ఊర్మిల మెల్లగా అంది.

కిష్టవ్వ ముఖం చిన్నబోయింది. "అయ్యో, నీ సదువు ఖరాబు చేస్తినా?"

ఊర్మిల గంజును రెండు చేతులా అందుకుంది. ఎప్పుడూ పెద్దమ్మా అని పిలిచే పిల్ల.

"సదువు సంగతి మల్ల చూస్తం. ముందుగాల తల తుడుసుకో అత్తమ్మా, సర్దయితది."

భాస్కర్ చేతిలోని సీసా జారి పగిలింది. ఇల్లంతా పురుగులు!

"ఇగ చూస్తరేంది?" కొంగుతో తల తుడుచుకుంటూ అరిచింది కిష్టవ్వ. "బల్లులను ఇడువుండ్రి!"